గాజుతొట్టిలో ఏకాకి

ప్రేమించడం వేరు, ప్రేమకు పాత్రమైన ప్రాణి స్వభావాన్ని ఎరగడం వేరు. మొదటిదానికి హృదయం చాలు. రెండవది హృదయంతో పాటు బుద్ధినీ, ఓర్పునూ కోరుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని నాకు నేర్పినది కావ్యం కాదు, శాస్త్రగ్రంథమూ కాదు. బొటనవేలంత పొడవైన ఒక నీలి చేప.

చౌటుప్పల్‌లో నేను పాఠాలు చెబుతున్న కళాశాలలో ఒక ఏడాది ఉపాధ్యాయ దినోత్సవం నాడు రెండవ సంవత్సరం విద్యార్థులు నాకొక కానుక తెచ్చి ఇచ్చారు. అది చిన్న గాజుతొట్టి. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, అంతే ఎత్తు. అంచుదాకా పోస్తే పదిహేను లీటర్ల నీరు పడుతుంది. అందులో ఒకే ఒక చేప. నెమలికంఠపు నీలం, పట్టుకుచ్చుల వంటి పొడవైన తోక. "ఫైటర్ చేప సార్, హైదరాబాదులో కొన్నాము" అన్నారు పిల్లలు. దాని శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. స్ప్లెండెన్స్ అంటే లాటిన్ భాషలో ప్రకాశించేది అని అర్థం. సార్థక నామధేయం!

తొట్టిని మా శాఖ గదిలో బల్లమీద పెట్టుకున్నాను. పాఠానికీ పాఠానికీ మధ్య దానినే చూస్తూ కూర్చునేవాణ్ణి. చూసిన కొద్దీ నా మనస్సులో ఒక దిగులు. పాపం, ఒంటరిది! సృష్టికర్త సైతం ఒంటరితనంలో సంతోషాన్ని పొందలేకపోయాడని ఉపనిషత్తులు చెబుతున్నాయి కదా! ఈ అల్పప్రాణి ఎట్లా భరిస్తుంది? సాహిత్యం చదువుకున్నవాడి జాలి వెంటనే పనిలోకి దిగింది. నాలుగు గప్పీ చేపలను కొని తెచ్చి అదే తొట్టిలో వదిలాను. రంగురంగుల తోకలు ఆడిస్తూ అవి తిరుగుతుంటే, ఒక కుటుంబాన్ని సమకూర్చినంత తృప్తి కలిగింది.

మూడవనాటి ఉదయం గది తలుపు తీసేసరికి రెండు గప్పీలు వెల్లకిలా తేలుతున్నాయి. వాటి తోకలు చీలికలు పీలికలైనాయి. మిగిలిన రెండూ ఒక మూలన నక్కి వణికిపోతున్నాయి. నీలి చేప మాత్రం మొప్పలు విప్పార్చి తొట్టి నడుమ గస్తీ తిరుగుతున్నది. నాకు పట్టరాని కోపం వచ్చింది. సూదిమొన మోపినంత నేలనైనా పంచనన్న దుర్యోధనుడు గుర్తుకు వచ్చాడు. ఆ మాటే పక్కగదిలోని జంతుశాస్త్ర అధ్యాపకునితో అన్నాను. ఆయన తొట్టి దగ్గరికి వచ్చి, కాసేపు చూసి, మెల్లగా అన్నారు: "తప్పు చేపది కాదు సార్. దానికి తోడు కావాలని అనుకున్నది మీరు, అది అడగలేదు."

ఆ ఒక్క మాట నన్ను చాలాకాలం వెంటాడింది. విద్యార్థులారా! ఈ వ్యాసానికి మూలం ఆ మాటే. చిన్న తొట్టిలో ఫైటర్ చేపకు ఇతర చేపలను తోడుగా పెట్టడం దయ కాదనీ, దయ రూపంలో ఉన్న అజ్ఞానమనీ నా అభిప్రాయం. అందుకు కారణాలను క్రమంగా వివరిస్తాను.

ఈ చేప పుట్టిల్లు థాయ్‌లాండ్, దాని చుట్టుపక్కల ఆగ్నేయాసియా దేశాలు. అక్కడి వరిమళ్ళలో, బురద మడుగులలో, నీటి మొక్కలు దట్టంగా పెరిగిన కాలువలలో ఇది నివసిస్తుంది. థాయ్ భాషలో దీనిని 'ప్లా కాట్' అంటారు. 'కరిచే చేప' అని ఆ మాటకు అర్థం. 2019లో ఆ దేశ ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అయితే ఈ గౌరవం వెనుక విషాదకరమైన చరిత్ర కూడా ఉన్నది. పందేల కోసం, బాగా పోరాడే మగ చేపలను ఏరి, వాటి సంతతినే తరతరాలుగా పెంచారు. పల్నాటి కోడిపోరును ఎరిగిన మనకు ఇది వింత కాదు. పోరాడేవి మూగప్రాణులు, పణం ఒడ్డేవాడు మనిషి. అందువల్ల అడవి మడుగులోని చేపకన్నా అంగడిలోని చేపకు కయ్యపు గుణం ఎక్కువ. దాని ఆగ్రహంలో కొంత ప్రకృతి ఇచ్చినది. కొంత మనం పోసి పెంచినది.

ప్రకృతి ఇచ్చిన భాగాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి. మగ ఫైటర్ చేప నీటి ఉపరితలాన నోటితో బుడగలు కట్టి, నురుగు గూడు అల్లుతుంది. ఆడ చేప గుడ్లు విడిచినప్పుడు, కిందికి జారిపోయే ఒక్కొక్క గుడ్డునూ నోట కరుచుకొని తెచ్చి ఆ గూటిలో అమరుస్తుంది. ఆ తరువాత ఆడ చేపను సైతం దగ్గరికి రానీయదు. పిల్లలు పొదిగి, సొంతంగా ఈదే వరకు కంటికి రెప్పలా కాపలా కాస్తుంది. గూడు ఉన్న చోటు దానికి ప్రాణప్రదం. ఆ చోటికి వచ్చే ప్రతి రంగు తోకా దాని దృష్టిలో శత్రువే. మనం పగ అనుకునేది నిజానికి పితృధర్మం. అద్దం చూపిస్తే తన ప్రతిబింబాన్నే మరొక మగ చేప అనుకొని మొప్పలు విప్పార్చే ప్రాణికి, పొడవైన రంగు తోక గల గప్పీ మరొక పోటీదారుగా కనిపించడంలో ఆశ్చర్యం ఏమున్నది?

మన చెరువులలోనూ ఇటువంటి తండ్రులూ తల్లులూ ఉన్నారు. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను తన పిల్లల గుంపు చుట్టూ తిరుగుతూ కాపాడుకుంటుంది. చెరువు గట్టున పెరిగినవారు ఆ దృశ్యాన్ని చూసే ఉంటారు. శాస్త్రజ్ఞులు కొర్రమీనునూ, ఫైటర్ చేపనూ ఒకే క్రమంలో చేరుస్తారు. రెండూ నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. పిల్లలను కాచే కొర్రమీను దగ్గరికి వెళ్ళిన వాడిని అది కరిస్తే, 'దుష్ట చేప' అని మన పెద్దలు అనరు. 'పిల్లల తల్లి, దాని జోలికి పోకు' అంటారు. ఆ జ్ఞానం గాజుతొట్టి దగ్గరికి వచ్చేసరికి మనకు ఎందుకు లోపిస్తున్నది?

"వరిమడిలో జానెడు నీటిలో బతికే చేపకు గిన్నెడు నీరు చాలదా?" అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో లోతు మాత్రమే ఉన్నది, వెడల్పు లేదు. వరిమడిలో నీరు జానెడే కావచ్చు. కాని అది ఎకరాల మేర పరుచుకొని ఉంటుంది. అక్కడ రెండు మగ చేపలు ఎదురుపడితే, కాసేపు రెక్కలు విప్పి బెదిరించుకుంటాయి. ఓడినది తప్పుకొని పోతుంది. పోవడానికి చోటున్నది, దాక్కోవడానికి మొక్కల మొదళ్ళు ఉన్నాయి. కనుక కయ్యం చావుదాకా రావలసిన అవసరం తక్కువ. గాజుతొట్టిలో ఓడినవాడు ఎక్కడికి పోతాడు? అడుగు దూరంలో గాజుగోడ. వెనుదిరిగితే మళ్ళీ శత్రువే. అడవిలో బెదిరింపుగా ముగిసేది తొట్టిలో హత్యగా ముగుస్తుంది. అంటే ఇక్కడ చంపుతున్నది చేప స్వభావం మాత్రమే కాదు. పారిపోయే దారి లేకపోవడం.

"ఇది గాలి పీల్చే చేప, నీటి సంగతి పట్టించుకోనక్కరలేదు" అన్నది మరొక వాదం. లాబిరింత్ అనే చిక్కుదారి వంటి అవయవం వల్ల ఈ చేప పైకి వచ్చి గాలిని తీసుకోగలదన్నది నిజమే. కాని శ్వాసకు గాలి దొరికినంత మాత్రాన విషం విషం కాకపోదు. చేప విసర్జించేదీ, అది తినక వదిలిన ఆహారం కుళ్ళి పుట్టేదీ అమ్మోనియా. తొట్టిలోని రాళ్ళకూ, వడపోత సాధనానికీ పట్టుకొని పెరిగే ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ ఏర్పాటు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి సాధారణంగా నెల, నెలన్నర పడుతుంది. మొదటి రెండూ చేపకు విషాలు. మూడవది అంత ప్రమాదకరం కాదు గాని పేరుకుపోకుండా నీరు మారుస్తూ ఉండాలి. నేను పదిహేను లీటర్లలో ఒక చేప ఉన్న చోట అయిదు చేపలను పెట్టాను. పోరాటం జరగకపోయినా, ఆ నీరే వాటిని నెమ్మదిగా చంపి ఉండేది.

నీటి సంగతి నల్లగొండ ప్రాంతంవారికి వేరే చెప్పాలా? భూగర్భజలంలోని ఫ్లోరైడు మితిమీరి, పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి, నడుము నిలవని మనుషులను మన తరం కళ్ళారా చూసింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ హద్దు దాటిన బోరునీటిని తెలియక తాగిన పల్లెలు మనవి. ఫ్లోరైడును తొలగించేందుకు పటికనూ, సున్నాన్నీ ఉపయోగించే ఒక పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరే ఉన్నది. 2015లో ఇంటింటికీ నీరందించే పథకానికి పైలాన్‌ను మన చౌటుప్పల్‌లోనే నెలకొల్పడానికి వెనుక ఈ బాధ ఉన్నది. కంటికి తేటగా కనిపించే నీరు ఒంటిని ఎట్లా కుంగదీయగలదో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? మనిషి తాగే నీరు అతని శరీరంలోకి పోతుంది. చేప విషయంలో అయితే నీరే ఇల్లు, నీరే గాలి, నీరే నేల. ఆ నీటి మంచి చెడ్డలను చూసుకోని ప్రేమ ఎటువంటి ప్రేమ?

మన ప్రాంతపు వాతావరణాన్ని కూడా గమనించాలి. ఈ చేపకు దాదాపు 24 నుంచి 28 డిగ్రీల వరకు ఉండే వెచ్చని నీరు హితం. మే నెలలో మన ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు రాత్రులు చలికి వణికిస్తాయి. పెద్ద తొట్టిలోని నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. చిన్న గిన్నెలోని నీరు కిటికీ ఎండకు మధ్యాహ్నానికే కాగిపోతుంది. పైగా నల్లానీటిలో శుద్ధికోసం కలిపే క్లోరిన్, మనకు మేలు చేసేదే అయినా, చేప మొప్పలకూ, తొట్టిలోని ఉపకార బాక్టీరియాకూ చేటు. దానిని విరిచే మందు వేయకుండా నీరు పోయరాదు. చెప్పవచ్చిన దేమంటే, ఒక్క చేపను సరిగా చూసుకోవడమే చిన్న తొట్టిలో పెద్ద పని. అక్కడికి తోడు తేవడం కష్టాన్ని పంచడం కాదు, పెంచడం.

అయితే ఫైటర్ చేప ఏనాటికీ, ఎక్కడా, ఎవరితోనూ కలిసి ఉండలేదని నేను అనడం లేదు. సత్యాన్ని ఒక పక్కనుంచే చూపడం అధ్యాపక ధర్మం కాదు. నలభై, యాభై లీటర్లకు పైబడిన తొట్టిలో, దట్టమైన మొక్కలూ, చాటు ఇచ్చే రాళ్ళూ అమర్చి, అడుగున తిరిగే శాంతస్వభావం గల కోరిడోరస్ వంటి చేపలనో, నత్తలనో దానితో ఉంచి విజయం సాధించినవారు ఉన్నారు. అప్పుడు కూడా ప్రతి చేప గుణం ఒకటిగా ఉండదు. ఒకటి సహిస్తుంది, మరొకటి సహించదు. అందువల్ల వేరు చేయవలసి వస్తే ఉపయోగపడేందుకు మరొక తొట్టి సిద్ధంగా ఉండాలి. రెండు మగ చేపలను మాత్రం ఒకేచోట ఉంచరాదు. రెక్కలు కొరికే టైగర్ బార్బ్‌లను తెస్తే, పొడవైన తోకల బరువుతో వేగంగా ఈదలేని ఫైటర్ చేపే బలి అవుతుంది. గోల్డ్ ఫిష్‌కు చల్లని నీరు హితం. అది నీటిని మలినం చేయడమూ ఎక్కువే. రంగు వెలిసిపోవడం, రెక్కలు ముడుచుకోవడం, ఆహారం ముట్టకపోవడం, ఒక మూలన నక్కి ఉండడం — ఇవన్నీ చేప తన బాధను చెప్పుకొనే భాష. ఆ భాష రానివాడు తొట్టి కొనకపోవడమే మంచిది.

ఇక్కడ నా సిగ్గును కూడా చెప్పుకోవాలి. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథను పాతికేళ్ళకు పైగా పాఠం చెబుతూ వచ్చాను. సత్యవ్రతుడనే రాజు కృతమాల నదిలో తర్పణం విడుస్తుండగా ఒక చిన్న చేప అతని దోసిట పడుతుంది. అతడు దానిని నదిలో వదలబోతే, పెద్ద జలచరాలు తనను మింగివేస్తాయనీ, కాపాడమనీ అది వేడుకుంటుంది. రాజు దానిని కమండలువులో ఉంచుతాడు. తెల్లవారేసరికి అది పెరిగి, ఈ చోటు నాకు చాలదంటుంది. అతడు పెద్ద పాత్రలోకి, అక్కడినుంచి సరస్సులోకి, చివరకు సముద్రానికి చేరుస్తాడు. ఈ కథలోని భగవన్మహిమను గురించి, ప్రళయాన్ని గురించి ఎన్నో తరగతులు చెప్పాను. కాని ఆ చేప రాజును అడిగినవి రెండే రెండన్న సంగతిని ఏనాడూ గమనించలేదు. ఒకటి: నన్ను తగని పొరుగుతో ఉంచకు. రెండు: నాకు చాలినంత చోటు చూపు. గాజుతొట్టి ముందు కూర్చున్న ఎవరైనా వేసుకోవలసిన ప్రశ్నలు సరిగ్గా ఈ రెండే! సత్యవ్రతుని గొప్పతనం చేపను చేరదీయడంలో మాత్రమే లేదు. అది 'చాలదు' అన్న ప్రతిసారీ, విసుగుకోకుండా, నమ్మి, పాత్ర మార్చడంలో ఉన్నది. మన తొట్టిలోని చేప మాట్లాడదు. కనుక మనం ఆ రాజు కన్నా ఎక్కువ శ్రద్ధగా వినాలి.

"అయితే దానిని విడిచిపెట్టవచ్చు కదా!" అని మీరు అడగవచ్చు. శృంగార నైషధంలో నలుడు చేతికి చిక్కిన హంస మొర విని దానిని విడిచిపెట్టాడు. కాని హంస తిరిగి వెళ్ళినది తన ఆకాశంలోకే. ఈ చేపకు మన చెరువు స్వస్థలం కాదు. పరదేశపు ప్రాణిని మన నీటిలో వదలడం దానికీ క్షేమం కాదు, మన చేపలకూ క్షేమం కాదు. అక్వేరియాల నుంచి బయటపడిన సక్కర్ చేపలు తెలుగునాట నదులలో, చెరువులలో పెరిగి మత్స్యకారుల వలలను ఎట్లా పాడుచేస్తున్నాయో వింటూనే ఉన్నాము. కనుక ఒకసారి ఇంటికి తెచ్చుకున్న ప్రాణి బాధ్యత దాని చివరి శ్వాస వరకు మనదే. ప్రాణులపట్ల కరుణ కలిగి ఉండడాన్ని మన రాజ్యాంగం 51ఎ అధికరణంలో ప్రాథమిక విధులలో ఒకటిగా చేర్చింది. జంతువులను ఒకదానిపైకి మరొకదానిని ఉసిగొల్పి పోరాడించడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిషేధించింది. తెలిసి పోరాడించడం నేరమైతే, తెలుసుకోకుండా పోరాటంలోకి నెట్టడం కనీసం దోషమైనా అవుతుంది కదా!

ఒక హెచ్చరిక చేసి ముగిస్తాను. చేపను చూసి మనుషుల గురించి తొందరపడి సిద్ధాంతాలు చేయరాదు. "చేపలే కలిసి ఉండలేవు, మనుషులు ఎట్లా ఉంటారు?" అని ఎవరైనా అంటే నమ్మకండి. చేపకు భాష లేదు. తన పక్కవాడి కథ వినే అవకాశం లేదు. మనిషికి ఉన్నది. మనకు పొరుగునే ఉన్న పోచంపల్లిలో 1951లో వినోబాభావే ఎదుట భూమిలేని హరిజనులు తమకు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, ఒక భూస్వామి నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినవారికి చోటు ఇవ్వగలగడం మనిషికే సాధ్యం. దుర్యోధనునితో ఆ చేపను పోల్చి నేను చేసిన తప్పు కూడా ఇదే. దుర్యోధనునికి రాజ్యమంతా ఉండీ ఇవ్వలేదు. ఆ చేపకు ఉన్నది పదిహేను లీటర్ల నీరు. అది కూడా దానిది కాదు, నేను పోసినది.

మిగిలిన రెండు గప్పీలను జంతుశాస్త్ర ప్రయోగశాలలోని పెద్ద తొట్టిలోకి మార్చాము. నీలి చేప మా గదిలోనే మరో రెండేళ్ళు ఒంటరిగా బతికింది. తొట్టిలో మొక్కలు నాటాము. వారం వారం కొంత నీరు మార్చడం విద్యార్థులు వంతులవారీగా చేసేవారు. కొద్ది రోజులకే అది మూలన ఉన్న ఆకు కింద నురుగు గూడు కట్టింది. ఆ గూటికి గుడ్లు రావు. దాని పక్కకు ఆడ చేప రాదు. అయినా అది రోజూ ఆ బుడగలను సరిచూసుకుంటూ ఉండేది. ఆ దృశ్యాన్ని చూసినప్పుడల్లా నాకు పూర్వపు దిగులే మళ్ళీ కలిగేది. కాని ఈసారి దానికి తోడు తెచ్చే పని పెట్టుకోలేదు. ఆ దిగులు నాది, దానిది కాదని తెలిసింది కనుక, దానిని నా దగ్గరే ఉంచుకున్నాను.